పలుగురాయికి ఉన్నది, వజ్రానికి లేనిది

ముంగారు తొలి వాన పడగానే అనంతపురం జిల్లా రైతు చెనక్కాయ విత్తనం గురించి ఆలోచిస్తాడు. వజ్రకరూరు పక్కవాళ్ళకు మాత్రం ఇంకో పని కూడా ఉంటుంది. వానకు పైమట్టి కొట్టుకుపోయి ఎర్రచేలల్లో రాళ్ళన్నీ పైకి తేలతాయి. అప్పుడు గుంతకల్లు, ఉరవకొండ మొదలుకొని కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి దాకా జనం నడుము వంచి చేలల్లో తిరుగుతారు. సద్ది మూటలు, గొడుగులు, చంకలో పిల్లలు. ఎండ ఏటవాలుగా పడే వేళయితే మెరుపు బాగా కనబడుతుందని వాళ్ళ లెక్క. మెరిసిందల్లా తీసి, తుడిచి, ఎండకు పట్టి చూసి విసిరేస్తారు. అలా విసిరేసే వాటిలో ఎక్కువ భాగం పలుగురాళ్ళు.

నేను ఆ పక్క పల్లెలో పుట్టినవాణ్ణి. డిగ్రీ కాలేజీల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. చిన్నప్పుడు మాకు పలుగురాయితో ఒక ఆట ఉండేది. చీకటి గదిలో రెండు రాళ్ళు గట్టిగా రుద్దితే రాయి లోపల నారింజరంగు వెలుగు మినుకుమనేది, కాలిన వాసన వచ్చేది. అదేమిటో చెప్పేవాళ్ళు ఊళ్ళో లేరు. వజ్రం గురించి మాత్రం ప్రతి ముసలాయన దగ్గరా ఒక కథ ఉండేది: ఫలానా వాళ్ళ చేలో దొరికింది, రాత్రికి రాత్రే వ్యాపారి వచ్చాడు, ఇంత బంగారం ఇచ్చాడు, అసలు ధర అంతకు పదింతలు. కథలో వ్యాపారి మారేవాడు, మోసం మారేది కాదు.

నేనిప్పుడు రాయదలచింది ఆ విసిరేసిన రాయి గురించి. లేజరు కాంతి రంగును మార్చే విద్య, అంటే దాని పౌనఃపున్యాన్ని సరిగ్గా రెట్టింపు చేసే విద్య, 1961లో పలుగు స్ఫటికంలో మొదలయింది. ఆ పనికి వజ్రం చాలదు. ఎందుకు చాలదో తేల్చిన చరిత్రలో సి.వి. రామన్ ఉన్నారు, మన సూరి భగవంతం ఉన్నారు, కాస్త పక్కకు జరిగి చూస్తే మా జిల్లా చీనీ తోటల డ్రిప్పు పైపు కూడా ఉంది.

ముందు వజ్రకరూరు సంగతి. ఈ ఊరి పేరు భూగర్భశాస్త్రజ్ఞుల నోట బాగా నానింది 1880ల్లో. షాపే అనే ఫ్రెంచి ఆయన వచ్చి, ఇక్కడి పెగ్మటైట్ రాతిలోనే వజ్రాలు పుట్టి ఉన్నాయని ప్రకటించాడు. పెగ్మటైట్ అంటే మరేమిటో కాదు, పలుగూ ఫెల్డ్‌స్పారూ పెద్ద పెద్ద పలుకులుగా కలిసి ఉండే రాయి. అంటే ఆయన లెక్కలో వజ్రమూ పలుగూ ఒకే తల్లి బిడ్డలు. జియలాజికల్ సర్వేలో పనిచేసిన రాబర్ట్ బ్రూస్ ఫూట్ (పల్లావరంలో పాతరాతియుగపు పనిముట్టు దొరకబుచ్చుకున్నాయన ఈయనే) వచ్చి చూసి ఆ మాట ఒప్పుకోలేదు. 1889లో సర్వే పత్రికలో ఆయన రాసిన వ్యాసం శీర్షికలోనే షాపే ఆవిష్కారం మీద అనుమానం కనిపిస్తుంది. ఫూట్ అనుమానమే నిలబడింది. వజ్రాలను భూమి అడుగు నుంచి పైకి తెచ్చింది కింబర్లైట్ అనే మరో రాయి. దాదాపు 110 కోట్ల ఏళ్ళ కిందట అది గొట్టాల మాదిరి పైకి తన్నుకొచ్చి ఇక్కడ గడ్డకట్టింది. వజ్రకరూరులోనే కాదు, లత్తవరం, ములిగిరిపల్లె, చిగిచెర్ల, కళ్యాణదుర్గం పక్కల కూడా అలాంటి గొట్టాలను తర్వాతి కాలంలో సర్వేవాళ్ళు ఒక్కొక్కటిగా గుర్తించారు. కాబట్టి పలుగూ వజ్రమూ మా చేలల్లో పక్కపక్కన పడి ఉన్నా వాటి పుట్టుక వేరు, లోపలి కట్టడం అసలే వేరు.

షాపే ఇక్కడ వజ్రాలు వెతికిన ఆ దశాబ్దం మొదట్లోనే, 1880లో, పారిస్‌లో క్యూరీ సోదరులు పలుగు మొదలైన స్ఫటికాలను నొక్కితే వాటి ముఖాల మీద విద్యుదావేశం పుడుతుందని కనిపెట్టారు. ఈ రోజు గోడ గడియారంలో టిక్కుమనే పలుగు ముక్క ఆ గుణం మీదే నడుస్తుంది. వజ్రాన్ని ఎంత నొక్కినా ఆవేశం రాదు. తేడా సౌష్ఠవంలో ఉంది.

స్ఫటికంలో పరమాణువుల అమరికను ఒక బిందువు గుండా అటుదిటు తిప్పినా అదే అమరిక కనబడితే ఆ బిందువును సౌష్ఠవ కేంద్రం అంటారు. వజ్రానికి అది ఉంది, పలుగుకు లేదు. కేంద్రం ఉన్న స్ఫటికంలో ఎలక్ట్రాన్‌ను కాంతి కుడికి లాగినా ఎడమకు లాగినా ఎదురయ్యే అడ్డు ఒక్కటే. కేంద్రం లేనిచోట ఒక వైపు కదలిక తేలిక, రెండో వైపు కష్టం. మామూలు కాంతికి ఈ తేడా తెలియదు. చాలా బలమైన కాంతి పడినప్పుడు ఎలక్ట్రాన్ ఊగే తీరు ఒక పక్కకు వంకరపోతుంది. ఆ వంకరలో, పడిన కాంతి పౌనఃపున్యానికి రెట్టింపు పౌనఃపున్యం కూడా కలిసి ఉంటుంది, ఎలక్ట్రాన్ దాన్ని కొత్త కాంతిగా బయటికి పంపుతుంది. స్ఫటికాలకు సౌష్ఠవాన్ని బట్టి 32 తరగతులు. అందులో 21 తరగతులకు కేంద్రం లేదు. ఆ 21లో ఒకటి మిగతా సౌష్ఠవం మరీ ఎక్కువై ఈ పనికి రాదు. మిగిలిన 20 తరగతులే ఈ కథలో పాత్రలు.

ఏ తరగతి స్ఫటికంలో ఏ గుణానికి ఎన్ని స్థిరాంకాలు మిగులుతాయో లెక్కపెట్టడం పెద్ద చాకిరీ. ఆ చాకిరీని గ్రూప్ సిద్ధాంతంతో ఒక పద్ధతిలో పెట్టినవాళ్ళలో భగవంతం ముఖ్యులు. 1909లో కృష్ణా జిల్లాలో పుట్టి, హైదరాబాదు నిజాం కాలేజీలో చదివి, రామన్ ఫలితం బయటపడిన 1928లోనే కలకత్తా వెళ్ళి రామన్ దగ్గర చేరారు. 1930లోనే వజ్రం మీద పనిచేశారు. వజ్రం మీద కాంతి పడితే చెదిరిన వెలుగులో ఒక పదునైన కొత్త గీత వస్తుంది. సెంటీమీటరుకు 1332 తరంగాల తేడాతో ఉండే ఆ గీత ఇప్పటికీ వజ్రం వేలిముద్ర. తర్వాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉండగా, స్ఫటికాన్ని ఒత్తిడికి గురిచేస్తే దాని కాంతి గుణాలు ఎలా మారతాయన్న విషయంలో పాకెల్స్ అనే జర్మన్ పండితుడు కొన్ని తరగతులకు వేసిన లెక్క తప్పని 1942లో చూపించారు. దాదాపు యాభై ఏళ్ళుగా అందరూ తలవంచి ఒప్పుకున్న లెక్క అది. టి. వెంకటరాయుడితో కలిసి గ్రూప్ సిద్ధాంతం మీద 1948లో, స్ఫటిక సౌష్ఠవం మీద తానొక్కరే 1966లో ఆయన తెచ్చిన పుస్తకాలు నా తరం ఎమ్మెస్సీవాళ్ళు లైబ్రరీలో వంతులు వేసుకుని చదివినవి.

ఈ భగవంతం గారే తర్వాతి రోజుల్లో మా జిల్లాకు తరచూ వచ్చేవారు, పుట్టపర్తికి. సత్యసాయి బాబా తెలుగులో మాట్లాడుతుంటే పక్కన నిలబడి ఇంగ్లీషులో చెప్పింది ఆయన. ఆ సభల్లో కూర్చున్న జనానికి ఆయన అనువాదకుడుగానే తెలుసు. రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా చేశారని కొందరికి తెలుసు. వజ్రం గీత సంగతి అడిగినవాడు ఉన్నాడో లేడో.

వజ్రానికి నిజంగా కేంద్రం ఉందా అని సాక్షాత్తూ రామన్‌కే అనుమానం వచ్చింది. కొన్ని వజ్రాలు పరారుణ కాంతిని ఒక పట్టీలో మింగేస్తాయి, కొన్ని మింగవు. 1934లోనే రాబర్ట్‌సన్, ఫాక్స్, మార్టిన్ వీటిని రెండు జాతులుగా విడదీశారు. మింగే జాతికి సౌష్ఠవ కేంద్రం లేదని, అందుకే అవి మింగుతున్నాయని రామన్ వాదన. వజ్రాలు నాలుగు రూపాలన్నారు. బెంగుళూరులో కూర్చుని తన శిష్యులందరినీ వజ్రాల మీదికి తోలారు, 1944లో ఇండియన్ అకాడమీ పత్రికలో ఒక వజ్రాల సంచికే తెచ్చారు. ఇంగ్లండులో స్ఫటికశాస్త్రవేత్త క్యాథలీన్ లాన్స్‌డేల్ ఒప్పుకోలేదు. రామన్ వెనక్కి తగ్గలేదు. ఆయన పట్టుదల ఎలాంటిదో తెలిసినవాళ్ళకు ఇందులో ఆశ్చర్యం లేదు. 1959లో బెల్ లేబొరేటరీస్‌కు చెందిన కైజర్, బాండ్ తేల్చింది ఏమిటంటే, మింగే వజ్రాల్లో నైట్రోజన్ మలినంగా ఉంది. కట్టడంలో తేడా లేదు, కల్తీలో ఉంది. రామన్ మాట నిజమై ఉంటే కొన్ని వజ్రాలు లేజరు పౌనఃపున్యాన్ని రెట్టింపు చేసి చూపేవి. అవి చేయవు. నా దృష్టిలో ఆ వాదనకు ఇంతకన్నా సూటి పరీక్ష లేదు. అయితే ఆ పరీక్షకు కావలసిన లేజరు అప్పటికింకా పుట్టలేదు.

1960 మే 16న థియోడర్ మైమన్ కెంపు కడ్డీతో మొదటి లేజరు వెలిగించాడు. మరుసటి ఏడాది మిచిగన్ విశ్వవిద్యాలయంలో పీటర్ ఫ్రాంకెన్, హిల్, పీటర్స్, వైన్‌రైఖ్ కలిసి కెంపు లేజరు వెలుగును పలుగు స్ఫటికంలోకి గురిపెట్టారు. పోయింది 694.3 నానోమీటర్ల ఎరుపు. బయటికి వచ్చిన వెలుగును పట్టకంతో విడదీసి ఫొటో పలక మీద పడేస్తే 347.2 దగ్గర, సరిగ్గా సగం తరంగదైర్ఘ్యం దగ్గర, అతినీలలోహిత చుక్క ఒకటి కనపడింది. పదికోట్ల పాళ్ళలో ఒక పాలు మాత్రమే మారింది. ఆ చుక్క ఎంత చిన్నదంటే, 1961 ఆగస్టులో ఆ వ్యాసం ఫిజికల్ రివ్యూ లెటర్స్‌లో అచ్చయినప్పుడు, బొమ్మ మీద దుమ్ము పడిందనుకుని అచ్చు చేసేవాళ్ళు దాన్ని తుడిచేశారు. బాణం గుర్తు మిగిలింది, బాణం చూపే చుక్క లేదు. ఒక కొత్త శాస్త్రం మొదలయిన వ్యాసంలో సాక్ష్యమే కనపడకుండా పోయింది. ఈ సంగతి క్లాసులో చెప్పినప్పుడు ఎప్పుడూ నిద్రపోయే వెనక బెంచీ కూడా లేచేది.

ఇక్కడి నుంచి కథంతా ఆ పదికోట్లలో ఒక పాలును పెంచడం గురించి. మొదట తట్టే ఉపాయం బలం పెంచడం. రెట్టింపయిన కాంతి, లోపలికి పోయిన కాంతి బలానికి వర్గంగా పెరుగుతుంది. లేజరు బలం రెండింతలు చేస్తే కొత్త కాంతి నాలుగింతలు. అందుకే అదే శక్తిని సెకనులో కోట్లో వంతు కాలంలోకి కుదించే పద్ధతులు 1962 నుంచి రావడం ఈ పనికి బాగా కలిసివచ్చింది. కానీ బలం ఒక్కటే చాలదు. పలుగు స్ఫటికాన్ని ఎంత పొడుగు చేసినా కొత్త కాంతి పెరగలేదు.

కారణం కాంతి వేగంలో ఉంది. స్ఫటికంలో ఎరుపు వేగం ఒకటి, దాని నుంచి పుట్టిన అతినీలలోహిత వేగం ఇంకొకటి, అది కాస్త నెమ్మది. మొదటి ముఖం దగ్గర పుట్టిన కొత్త కాంతి, కాస్త లోపల పుట్టిన కొత్త కాంతిని కలిసేసరికి అడుగు తప్పి ఉంటుంది. చెక్కభజన చూసినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు: వెనక వరస అడుగు ముందు వరస తాళానికి పడితే గజ్జెల మోత పెరుగుతుంది, రవ్వంత వెనకబడితే నాలుగడుగుల్లో మోత చెదురుతుంది. పలుగులో ఆ నాలుగడుగుల దూరం వెంట్రుక మందంలో చిన్న భాగం. ఆ దూరం దాటాక పుట్టిన వెలుగు, అంతకు ముందు పుట్టిన వెలుగును చంపేస్తుంది. ఇంకాస్త పోతే మళ్ళీ పుడుతుంది, మళ్ళీ చస్తుంది.

దీనికి మందు రెండు చోట్ల ఒకేసారి దొరికింది. 1962 జనవరిలో ఫిజికల్ రివ్యూ లెటర్స్ ఒకే సంచికలో, పక్కపక్క పేజీల్లో, బెల్ లేబొరేటరీస్ నుంచి జోర్డ్‌మైన్, ఫోర్డ్ మోటారు కంపెనీ లేబొరేటరీ నుంచి మేకర్ బృందం ఒకే సంగతి రాశారు. కొన్ని స్ఫటికాలకు ద్వివక్రీభవనం ఉంటుంది. అంటే కాంతి ఏ తలంలో కంపిస్తుందో దాన్ని బట్టి దాని వేగం మారుతుంది. అసలు కాంతిని ఒక తలంలో, కొత్త కాంతిని దానికి లంబతలంలో కంపించేలా చేసి, స్ఫటికాన్ని ఒక కచ్చితమైన కోణంలో తిప్పితే రెండింటి వేగాలూ సమానమవుతాయి. అడుగు తప్పదు. అప్పుడు కొత్త కాంతి స్ఫటికం పొడుగుకు కూడా వర్గంగా పెరుగుతుంది. పలుగుకు ఈ వైద్యం పట్టదు. దానికీ ద్వివక్రీభవనం ఉంది గానీ, కాంతి వేగాన్ని తేల్చే రెండు వక్రీభవన గుణకాల తేడా 0.009 మాత్రమే. ఎరుపుకూ అతినీలలోహితానికీ మధ్య ఉన్న తేడాను పూడ్చడానికి అది చాలదు. దారి తెరిచిన రాయి ఆ దారిలో ముందుకు పోలేకపోయింది.

అప్పుడు ముందుకు వచ్చింది కె.డి.పి., పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్. రాయి కాదు, ఉప్పు. నీళ్ళలో కరుగుతుంది. దాని చుట్టం అమ్మోనియం ఫాస్ఫేట్ స్ఫటికాలను రెండో ప్రపంచ యుద్ధంలో సముద్రం కింద శబ్దం పట్టే పరికరాల కోసం పెంచారు. ఆ పెంపకం విద్య తయారుగా ఉండబట్టి 1962లో కె.డి.పి. ముక్కలకు వెతుక్కోవలసి రాలేదు.

ఒకసారి నార్పల పక్క ఒక చీనీ తోటకు వెళ్ళాను. తోట నా పాత విద్యార్థిది. డ్రిప్పు ట్యాంకు పక్కన తెల్లటి పొడి సంచీ ఉంది, దాని మీద 0-52-34 అని అంకెలు.

"ఇదెందుకురా?" అన్నాను.

"పూత నిలబడేదానికి, కాయ ఊరేదానికి సార్. డ్రిప్పులో ఇడుస్తాం. ధర మాత్రం యమ మండిపోతా ఉంది."

"ఇదేందో తెలుసా? నీకు లేజరు చాప్టర్‌లో చెప్పిన కె.డి.పి. ఇదే."

వాడు నవ్వాడు. "పరీక్షలో రాసింటి సార్ ఆ చాప్టర్. తోటలో ఉందని మీరు చెప్పలే."

ఆ 52 ఫాస్ఫరస్ పెంటాక్సైడు లెక్కన పాళ్ళు, 34 పొటాష్ పాళ్ళు. నైట్రోజన్ సున్నా. సంచీలో ఉన్న పదార్థం రసాయనికంగా కె.డి.పి.యే. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ గడ్డ మీద బోరు నీటిని బొట్టుబొట్టుగా పొదుపు చేసే రైతు, దానిలో కరిగించి వేరుకు పంపేది 1962లో కాంతి చరిత్రను తిప్పిన ఉప్పు.

అయితే సంచీలో పొడికీ లేజరు ముందు పెట్టే స్ఫటికానికీ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరం ఎంతో మా పక్క లేబొరేటరీలో స్ఫటికం పెంచ చూసినవాళ్ళకు తెలుసు. మొదటి తిప్పలు నీళ్ళతో. మా బోరు నీళ్ళు ఉప్పన, పైగా ఫ్లోరైడు. కరిగించేది డిస్టిల్ చేసిన నీళ్ళలోనే. రెండోది మలినం. ఇనుము, క్రోమియం, అల్యూమినియం లేశమాత్రం ఉన్నా స్ఫటికం పక్క ముఖాలు పెరగడం మానేస్తాయి, కడ్డీ కొనదేలి సన్నబడుతుంది. అందుకని కరిగించి, వడగట్టి, మళ్ళీ స్ఫటికాలు కట్టించి, మళ్ళీ కరిగించాలి. మూడోది అన్నిటికన్నా కష్టం: వేడి. ద్రావణాన్ని రోజుకు అర డిగ్రీ కన్నా తక్కువ చొప్పున, ఒడుదుడుకులు లేకుండా చల్లార్చాలి. ఎండాకాలం మధ్యాహ్నం 40 దాటి, తెల్లవారుజామున పాతిక దగ్గరికి దిగే ఊళ్ళో, వేళాపాళా లేకుండా కరెంటు పోయే రోజుల్లో, థర్మోస్టాట్ ఉన్న నీటితొట్టి కూడా మొండికేస్తుంది. కరెంటు వచ్చేసరికి అడుగున కొత్త గింజలు వందలు కట్టి ఉంటాయి, పెంచుకుంటున్న స్ఫటికం లోపల పాలరంగు మబ్బు కమ్మి ఉంటుంది. మబ్బు కమ్మిన స్ఫటికం కాంతిని చెదరగొడుతుంది, బలమైన లేజరు పడితే అక్కడే పగులుతుంది. మంచిది వచ్చినప్పుడు మాత్రం చూడ ముచ్చటగా ఉంటుంది: నాలుగు పలకల కడ్డీ, రెండు చివర్లా పిరమిడ్ మొన, ఎక్కడా గీత లేని స్వచ్ఛత. చెమట చేత్తో పట్టుకుంటే మసకబారుతుంది.

ఈ తిప్పలు మా ఒక్కరివే కాదు. అమెరికాలో లివర్‌మోర్ దగ్గర 192 లేజరు పుంజాలను ఒకే చోటికి గురిపెట్టే యంత్రం కట్టినప్పుడు వాళ్ళకు దాదాపు 40 సెంటీమీటర్ల వెడల్పు కె.డి.పి. పలకలు కావలసి వచ్చాయి. పాత పద్ధతిలో అంత స్ఫటికం పెరగడానికి రెండేళ్ళు. నటాలియా జైత్సేవా మాస్కో నుంచి తెచ్చిన వేగపద్ధతితో రెండు నెలల్లో మూడు వందల కిలోల స్ఫటికం పెంచారు. మన పక్కన మద్రాసులో అన్నా విశ్వవిద్యాలయం స్ఫటికాల కేంద్రం 1982 నుంచి ఈ పనిలో ఉంది. శంకరనారాయణన్, రామసామి 2005లో చూపిన పద్ధతి నాకు మరీ నచ్చింది. గాజు గొట్టం అడుగున గింజ పెట్టి, కావలసిన దిశలోనే స్ఫటికం పైకి పెరిగేలా చేస్తారు. అడుగు కలిసే కోణం ముందే తెలుసు కాబట్టి ఆ దిశలోనే పెంచుకుంటే కోతలో పోయే పదార్థం తగ్గుతుంది. ఖరీదు పెట్టలేని లేబొరేటరీల కోసం పుట్టిన తెలివి అది.

తర్వాతి స్ఫటికాల చరిత్రను గబగబా చెప్పేస్తాను, ఎందుకంటే అసలు సూత్రాలు 1960ల్లోనే తేలిపోయాయి. 1964లో లిథియం నయోబేట్ వచ్చింది. బలంగా మారుస్తుంది గానీ వెలుగు పడితే లోపల దెబ్బతింటుంది. 1968లో రెండు మంచి పనులు జరిగాయి. బాయిడ్, క్లైన్‌మన్ కాంతిని స్ఫటికంలో ఎంత సన్నగా గురిపెట్టాలో లెక్క కట్టారు. మరీ సన్నగా చేస్తే అంతే వేగంగా విచ్చుకుపోతుంది, మరీ వెడల్పు చేస్తే బలం చాలదు. స్ఫటికం పొడుగుకు తగ్గట్టు మధ్యే మార్గం ఒకటుంది. అదే ఏడాది బెల్ లేబొరేటరీస్‌లో స్ఫటికాన్ని లేజరు బయట కాక లోపల, రెండు అద్దాల మధ్య పెట్టి, బయటికి రావలసిన పరారుణ కాంతి మొత్తానికి సమానమైన ఆకుపచ్చ తీశారు. అద్దాల మధ్య కాంతి అటూ ఇటూ తిరుగుతుంటుంది కాబట్టి మారనిది మళ్ళీ మళ్ళీ స్ఫటికం గుండా పోతుంది. 1976లో డ్యూపాంట్ కంపెనీ కె.టి.పి. అనే స్ఫటికాన్ని తెచ్చింది. 1980ల్లో చైనాలోని ఫుజియాన్‌లో చెన్ చువాంగ్‌టియాన్ బృందం రెండు బోరేట్ స్ఫటికాలు తెచ్చి ప్రపంచాన్ని తమ వైపు తిప్పుకుంది. వాటిలో ఒకదాన్ని 149 డిగ్రీల వేడిలో ఉంచితే కోణం ఇబ్బందే ఉండదు. 1962లోనే బ్లోంబర్గన్ బృందం కాగితం మీద రాసిన ఇంకో ఉపాయం 1990ల్లో చేతికి వచ్చింది: అడుగు తప్పబోయే ప్రతి చోటా స్ఫటికం దిశనే తిరగేయడం. లిథియం నయోబేట్‌లో ఆకుపచ్చ కోసం దాదాపు ఏడు మైక్రాన్లకు ఒక ఆవృత్తి చొప్పున ఆ తిరగేత వేస్తారు. పదికోట్లలో ఒక పాలు దగ్గర మొదలైన విద్య నూటికి యాభై, అరవై దాటింది.

అనంతపురంలో చదువు చరిత్ర కూడా ఈ తేదీల పక్కనే నడిచింది. 1916లో దత్తమండలాల కాలేజీ, స్వతంత్రం వచ్చిన కాలంలో ఇంజనీరింగ్ కాలేజీ, 1968లో వెంకటేశ్వర విశ్వవిద్యాలయం పీజీ సెంటరు. 1981లో అది శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం అయింది. ఆ ఏడాదే పుట్టపర్తిలో సత్యసాయి విద్యాసంస్థ మొదలయింది, ఆ ఏడాదే బ్లోంబర్గన్‌కు నోబెల్ వచ్చింది. కృష్ణదేవరాయ నుంచి 1998లో ఆర్.ఆర్. రెడ్డి, నజీర్ అహ్మద్ తదితరులు పదార్థాల వక్రీభవన గుణకాన్ని వాటి ఎలక్ట్రోనెగటివిటీ నుంచి అంచనా కట్టే సూత్రం ప్రచురించారు. లోకమంతా ఆ వ్యాసాన్ని ఉదహరించింది. అడుగు కలపడమంటే వక్రీభవన గుణకాలు కలపడమే కాబట్టి ఆ పని ఈ కథకు బయటిదేం కాదు. పుట్టపర్తిలో పరికరాలు మెరుగు. అక్కడివాళ్ళు బలమైన లేజరుకు పదార్థాలు చూపే అరేఖీయ స్పందన మీద బెంగుళూరు రామన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళతో కలిసి పనిచేశారు.

వజ్రానికి అన్యాయం చేయకూడదు. పౌనఃపున్యాన్ని అది రెట్టింపు చేయలేదు గానీ మరో తీరున రంగు మారుస్తుంది. 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజరును కృత్రిమ వజ్రంలోకి పంపితే 573 దగ్గర పసుపు లేజరు వస్తుంది. ఆస్ట్రేలియాలో మెక్వారీ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇందులో ముందున్నారు. ఆ రెండు రంగుల మధ్య తేడా సరిగ్గా 1332, కలకత్తాలో 1930లో చూసిన గీత.

ఇప్పుడు ఆ ఆకుపచ్చ వెలుగు అందరికీ తెలుసు. షుగరు వల్ల కంటి రెటీనా దెబ్బతిన్నవాళ్ళకు ఆసుపత్రిలో కాల్చేది చాలా చోట్ల ఆ 532 వెలుగుతోనే. ఒకప్పుడు పెద్ద ఆర్గాన్ యంత్రం చేసిన పని అది. జాతరలో, వినాయకుడి ఊరేగింపులో పిల్లలు ఆకాశంలోకి కొట్టే పెన్నులో కూడా అదే. పెన్ను లోపల 808 నానోమీటర్ల పరారుణ డయోడు ఉంటుంది. అది నియోడిమియం కలిపిన స్ఫటికాన్ని వెలిగించి 1064 పుట్టిస్తుంది, దాన్ని చిటికెడు కె.టి.పి. ముక్క 532 చేస్తుంది.

ఇక్కడే సామర్థ్యం అన్న మాట పుస్తకం దాటి వీధిలోకి వస్తుంది. ఖరీదైన లేజరులో స్ఫటికం కోణం, వేడి అన్నీ సరిగ్గా బిగించి ఉంటాయి, మారని పరారుణాన్ని ఆపే ఫిల్టరు ఉంటుంది. వంద, నూటయాభై రూపాయల పెన్నులో అవి ఉంటాయని నమ్మకం లేదు. 2010లో అమెరికా ప్రమాణాల సంస్థ పరీక్షించిన ఒక చవక పెన్ను మీద 10 మిల్లీవాట్లని రాసి ఉంది. ఆకుపచ్చ మసకగా ఉంది, కంటికి కనపడని పరారుణం మాత్రం దాదాపు 20 మిల్లీవాట్లు వస్తోంది. కనపడే వెలుగయితే కన్ను తనంతట మూసుకుంటుంది. కనపడనిదానికి మూసుకోదు. ఆకుపచ్చ తగ్గింది కదా, బ్యాటరీ అయిపోయింది కదా అని పిల్లవాడు కంటి దగ్గర పెట్టుకు చూసే పెన్ను చాలా ప్రమాదం. కాబట్టి ఈ ఏడు జాతరలో మీ పిల్లలు ఆకుపచ్చ లేజరు పెన్ను అడిగితే కొనివ్వకండి. ఇంట్లో ఇప్పటికే ఉంటే బ్యాటరీలు తీసి పక్కన పెట్టండి.